రేకు ఉన్నచోట రేకే ఉండాలి

పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ లారీ కిట్టులో మడ్‌గార్డు మందం సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. బొమ్మ 24వ వంతు సైజుదైతే ఆ ఒక్క మిల్లీమీటరు అసలు లారీ మీద 24 మిల్లీమీటర్లతో సమానం, అంటే దాదాపు అంగుళం. రోడ్డు మీద తిరిగే ఏ లారీకీ అంగుళం మందాన మడ్‌గార్డు ఉండదు. ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇనప రేకు ఉంటుంది. అది గోడకు ఒరుసుకుంటే సొట్ట పడుతుంది, అంచు తిరగబడుతుంది, బోల్టు దగ్గర చిరుగుతుంది. ప్లాస్టిక్ మడ్‌గార్డుకు ఇవేవీ రావు. రంగు ఎంత బాగా వేసినా, తుప్పు మరకలు ఎంత నేర్పుగా దిద్దినా చూసేవాళ్ల కంటికి ఎక్కడో తేడా కొడుతూనే ఉంటుంది. ఆ తేడా మందంలో ఉంది.

అందుకే మొదటి నుంచీ చేత్తో కట్టే వాహన నమూనాల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. అసలు బండిలో ఏది రేకో నమూనాలోనూ అది రేకుతోనే చేయాలి. పోతపోసిన ఇంజన్ దిమ్మెను దేనితో చేసినా ఫరవాలేదు. చక్రాలను త్రీడీ ప్రింటర్‌లో తీసినా తప్పులేదు. తలుపు, బానెట్, మడ్‌గార్డు, టాపు, లారీ తొట్టి పక్కలు మాత్రం పలచటి లోహపు రేకుతో చేసినప్పుడే నిజమైన బండిలా కనిపిస్తాయి.

ఆర్టీసీ బస్సులను, పాత లారీలను ఫోమ్ షీటుతో, అట్టతో ఓపిగ్గా కట్టే కుర్రాళ్లు తెలుగు జిల్లాల్లో ఇప్పుడు కనిపిస్తున్నారు. కిటికీ ఊచల లెక్క దగ్గర్నుంచి డిపో పేరు రాసిన తీరు వరకు వాళ్లు పట్టించుకునే వివరాలు చూస్తే ముచ్చటేస్తుంది. రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఆగిపోతున్నారు. అది ఫ్యాక్టరీ పని అనో, పెద్ద మిషన్లు కావాలనో, చెయ్యి తెగుతుందనో ఒక జంకు. ఆ జంకులో చాలా భాగం అనవసరం.

1945 డిసెంబరు నాటి జపాన్‌ను చూస్తే చాలు. యుద్ధంలో ఓడి నాలుగు నెలలు. తిండికే కటకట, లోహానికి మరీ కరువు. క్యోటో పక్కనున్న ఒత్సు పట్నంలో మత్సుజో కొసుగే అనే బొమ్మల తయారీదారు అమెరికన్ సైనికులు వాడి పారేసిన ఆహారపు డబ్బాలను పోగుచేసి, వాటి రేకుతో బుల్లి జీపులు చేశాడు. వీధుల్లో తిరుగుతున్న సైనికుల జీపే ఆయనకు నమూనా. క్యోటోలోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో 10 యెన్‌లకు ఒకటి చొప్పున పెడితే జనం ఎగబడి కొన్నారు. యుద్ధం తర్వాత జపాన్ రేకు బొమ్మల పరిశ్రమ మళ్లీ లేచి నిలబడిన కథను ఆ జీపుతోనే మొదలుపెడతారు. మడగాస్కర్‌లో ఈనాటికీ వాడేసిన డబ్బాల రేకుతో సిత్రోయెన్ 2సీవీ కార్లను చేసి అమ్ముతారు. వాటి తలుపుల మీద డబ్బా లేబుల్ అక్షరాలు అలాగే కనిపిస్తుంటాయి, కొనేవాళ్లకు అదొక ఆకర్షణ.

కొసుగే జీపును ఎంచుకోవడం వెనక ఇంకో సౌకర్యం కూడా ఉంది. జీపంటేనే చదును రేకులు, సూటి మడతలు. మడ్‌గార్డులు బల్లపరుపుగా ఉంటాయి, బానెట్ దాదాపు పెట్టె మూతలా ఉంటుంది. యుద్ధకాలంలో వేగంగా తయారుకావాలని అలా రూపొందించిన బండి అది. 1947లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టాక అదే రూపం దశాబ్దాలపాటు మన పల్లెటూళ్ల దాకా తిరిగింది. రేకుతో మొదటి నమూనా కట్టాలనుకునేవాళ్లకు ఈ బండిని మించిన గురువు లేదు.

మందం లెక్క ఎంత పట్టింపుగా ఉంటుందో ట్యాంకుల నమూనాలు చేసేవాళ్లకు బాగా తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ తన పాంజర్-4 ట్యాంకుల పక్కన, సోవియట్ ట్యాంకు వ్యతిరేక తుపాకుల దెబ్బ కాచుకోవడానికి, 5 మిల్లీమీటర్ల ఉక్కు పలకలను వేలాడదీసింది. పైనుండే టరెట్ చుట్టూ పెట్టినవి 8 మిల్లీమీటర్లవి. 35వ వంతు సైజులో ఇవి 0.14, 0.23 మిల్లీమీటర్లకు దిగుతాయి. ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి అంత పలచగా తీయడం కుదిరే పని కాదు. యుద్ధంలో ఆ పలకలు వంగి, ఊడి, ఒక మూల వేలాడుతూ ఉండేవి. నమూనాలో అలా చూపించాలంటే నిజంగా వంగే వస్తువే కావాలి. ఈ అవసరం మీదే చెక్ దేశపు ఎడ్వార్డ్, పోలండ్ అబేర్ లాంటి కంపెనీలు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో తినిపించి కోసిన ఇత్తడి విడిభాగాలు అమ్ముతూ పేరు తెచ్చుకున్నాయి. బాగానే ఉంటాయి. కాకపోతే అక్కడ ఎక్కడ కోయాలో, ఎక్కడ మడవాలో ఇంకెవరో నిర్ణయించేశారు. మన పాత బస్సుకూ, మన లారీ క్యాబిన్‌కూ అలాంటి షీట్లు ఎవరూ చేసి పెట్టరు. ఆ పని ఖాళీ రేకు దగ్గరే మొదలుపెట్టాలి.

రేకు దొరకడం కష్టమేమీ కాదు. వర్క్‌షాపుల్లో యంత్రభాగాల మధ్య సందు సరిచేయడానికి వాడే ఇత్తడి షిమ్ రేకు 0.05 మిల్లీమీటర్ల నుంచి మొదలై రకరకాల మందాల్లో చుట్టలుగా వస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో అడిగితే ఇస్తారు. రేకు పనివాళ్లు మందాన్ని గేజిల్లో చెబుతారు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది: 22 గేజి 0.71 మిల్లీమీటర్లు, 30 గేజి 0.31, 36 గేజి 0.19, 40 గేజి 0.12. నమూనాల పనికి 30 నుంచి 40 గేజి మధ్య ఉన్నవి దాదాపు అన్నిటికీ సరిపోతాయి. ఇక కూల్‌డ్రింకు డబ్బా ఉండనే ఉంది. దాని గోడ మందం సుమారు 0.1 మిల్లీమీటరు. 16వ వంతు సైజులో అది అసలు బండి మీద 1.6 మిల్లీమీటర్లు అవుతుంది, బాడీ రేకు మందానికి దగ్గరగా. లోపలి లక్క పూతను ఎమరీ కాగితంతో గీకేస్తే రంగు పట్టడానికి సిద్ధం.

డబ్బా రేకుతో చిక్కు ఒక్కటే. ఫ్యాక్టరీలో సాగదీసి సాగదీసి డబ్బా ఆకారం తెచ్చేసరికి ఆ అల్యూమినియం బాగా గట్టిబడిపోతుంది. పదునైన మడత పెడితే గీత వెంబడి చిట్లుతుంది. దాన్ని కాల్చి మెత్తబరచాలి, కాల్చడంలోనే ఉంది అసలు కష్టం. రాగి, ఇత్తడి వేడెక్కితే ఎర్రబడి తమ స్థితిని తామే చెబుతాయి. అల్యూమినియం ఏమీ చెప్పదు. 660 డిగ్రీల దగ్గర కరిగే ఆ లోహం రంగు మారకుండానే ఉన్నట్టుండి కారిపోతుంది, చేతిలో బొక్క పడిన రేకు మిగులుతుంది. పనివాళ్లు దీనికొక ఉపాయం కనిపెట్టారు. రేకు మీద మామూలు ఒంటి సబ్బును రుద్దుతారు. వెనకవైపు నుంచి మంటను నెమ్మదిగా ఆడిస్తారు. సబ్బు గీత గోధుమరంగు దాటి నల్లబడగానే మంట తీసేస్తారు. అప్పుడు రేకు సరిగ్గా మెత్తబడి ఉంటుంది. బళ్ల బాడీలు అల్యూమినియంతో సాగగొట్టే షెడ్లలోనూ ఇదే పద్ధతి నడుస్తుంది.

చదును పని వేరు, గుండ్రపు పని వేరు. రేకు పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా గ్రహించాల్సింది ఇదే. ఒకే దిశలో వంగే ఏ ఆకారాన్నయినా కాగితం మీద గీసి, కత్తిరించి, మడిచి తెచ్చుకోవచ్చు. జీపు, బస్సు పక్కలు, తొట్టి ఇవన్నీ ఆ కోవలోవి. రెండు దిశల్లో ఒకేసారి వంగే ఆకారానికి కాగితం పనికిరాదు, అక్కడ లోహాన్ని కొన్నిచోట్ల సాగదీయాలి, కొన్నిచోట్ల దగ్గరికి నొక్కాలి. 1954లో టెల్కో కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టిన ముక్కున్న లారీని తీసుకుంటే, దాని ముందు మడ్‌గార్డులు ఇలాంటివే.

24వ వంతు సైజులో ఆ మడ్‌గార్డును చేసే తీరు చూస్తే లోహం స్వభావం అంతా బయటపడుతుంది. ముందు గట్టి చెక్కతో లోపలి ఆకారాన్ని చెక్కాలి, రేకు మందం మేరకు కొలత తగ్గించి. దీనికి ఇత్తడి కంటే రాగి మేలు, సాగే గుణం ఎక్కువ. 36 గేజి రాగి ముక్కను చుట్టూ అర అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి, సన్నగా ఎర్రబడేదాకా కాల్చి, నీళ్లలో ముంచుతారు. ఉక్కులా కాకుండా రాగి ఇలా ముంచినా మెత్తగానే ఉంటుంది. పైన పట్టిన నల్లటి పొరను చింతపండుతో తోమితే పోతుంది. ఇప్పుడు చెక్క దిమ్మె మీద పెట్టి, గుండ్రంగా నున్నచేసిన కర్రముక్కతో నడుమ నుంచి అంచులవైపు రుద్దుతూ పోవాలి. సుత్తి అప్పుడే అక్కర్లేదు. కాసేపటికి అంచు దగ్గర ముడతలు లేస్తాయి. ఆత్రపడి వాటిని ఒక్క దెబ్బకు చదును చేస్తే రేకు మడతపడి చీలుతుంది. ఒక్కో ముడతనూ మొదట్లోంచి కొసవైపు కొంచెం కొంచెంగా అణచాలి. రుద్దుతున్నకొద్దీ రాగి గట్టిబడుతుంది, కర్ర కింద స్ప్రింగులా ఎదురుతిరుగుతుంది. అప్పుడు ఆపి మళ్లీ కాల్చాలి. ఇలా కాల్చడం, రుద్దడం పూర్తయ్యాక అద్దంలా మెరుగుపెట్టిన చిన్న సుత్తితో పైపైన తడితే గుంటలు సర్దుకుంటాయి. సుత్తి ముఖం మీద సన్నని గీత ఉన్నా ఆ గీత రేకు మీద అచ్చవుతుంది. చివర్లో ఎక్కువ అంచును కోసి, లోపలివైపు 0.3 మిల్లీమీటర్ల తీగను టంకం పెడితే అసలు మడ్‌గార్డుకు ఉండే చుట్టు అంచు వస్తుంది.

మడత పెట్టడానికి రెండు ఉక్కు యాంగిల్ ముక్కలు, ఒక చిన్న వైస్ ఉంటే చాలు. మందంలో సగం దాకా గీత గీసి, గీత లోపలివైపు ఉండేలా మడిస్తే మూల పదునుగా వస్తుంది, ఆ సందులో టంకం పారిస్తే పోయిన బలం తిరిగి వస్తుంది. బస్సు టాపులాంటి పెద్ద చదును రేకు మాత్రం ఏడిపిస్తుంది. రేకు మందం సగానికి తగ్గితే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి వేలితో తాకితే చాలు టప్పున లోపలికి పోతుంది. నిజమైన బస్సుల్లో, లారీ తొట్ల పక్కల్లో పొడుగాటి గాడులు ఒత్తేది ఇందుకే. నమూనాలోనూ రబ్బరు షీటు మీద రేకును పరిచి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి ఒత్తితే అసలు బండిలో ఆ గాడి ఏ పని చేస్తుందో ఇక్కడా అదే పని చేస్తుంది. ప్లాస్టిక్‌లో ఆ గీత అలంకారం మాత్రమే.

టంకం దగ్గర క్రమం ముఖ్యం. పక్క అతుకు పెడుతుంటే ముందు పెట్టిన అతుకు ఊడిపోతుందన్న ఫిర్యాదు కొత్తవాళ్లందరిదీ. సీసం లేని తగరం-రాగి టంకం 227 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం ఉన్నది 183 దగ్గరే కరుగుతుంది. మొదటి అతుకులు ఎక్కువ వేడి దానితో, తర్వాతివి తక్కువ వేడి దానితో పెట్టి, పాత అతుకు మీద తడిగుడ్డ ముక్క వేస్తే గొడవ ఉండదు. అల్యూమినియానికి గాలి తగిలితేనే ఆక్సైడ్ పొర పట్టేస్తుంది, మామూలు టంకం అంటదు. దానికి జిగురో, నిజమైన రివెట్లో వాడాలి. సీసం ముట్టుకున్న చేత్తో అన్నం తినకూడదు. జింకు పూసిన రేకును మంటమీద పెట్టి ఆ పొగ పీల్చకూడదు. పిల్లలతో చేయించేటప్పుడు ఈ రెండిట్లో రాజీ పనికిరాదు.

ఈ పద్ధతిలో మనిషి ఎంత దూరం వెళ్లగలడో చూపించినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన జెరాల్డ్ వింగ్రోవ్ డ్యూసెన్‌బర్గ్ లాంటి మహా కార్లను 15వ వంతు సైజులో మొదటి నుంచీ కట్టి, ఆ విద్యను పుస్తకంగా రాసి పెట్టాడు. హొనలూలూలో దంతవైద్యం చేసిన యంగ్ పార్క్ 16వ వంతు సైజులో మస్టాంగ్, కోర్సెయిర్ యుద్ధవిమానాలను అల్యూమినియంతో కట్టాడు. లోపలి ఎముకలగూడు కనిపించేలా కొంతమేర పైరేకు వేయకుండా వదిలేశాడు. రంగు కింద దాచుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

త్రీడీ ప్రింటర్ వచ్చాక ఇంత శ్రమ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. గేర్‌బాక్సు, టైరు, హెడ్‌లైటు గిన్నె, స్టీరింగు వీటికి ప్రింటర్‌ను మించింది లేదు, అక్కడ మొండికేయడం దండగ. కానీ రెజిన్‌తో అర మిల్లీమీటరుకు తక్కువ మందంలో పెద్ద పలకను తీస్తే అది వంకర్లు పోతుంది, లేదా పెళుసుగా విరుగుతుంది. అందుకని మందం పెంచుతారు, పెంచగానే మొదటి చిక్కే మళ్లీ వస్తుంది. ఇంకా పెద్ద సంగతి ఒకటుంది. కంప్యూటర్ తెరమీద ఏ ఆకారాన్నయినా గీయవచ్చు, అది రేకుతో సాధ్యమా కాదా అని తెర అడగదు. రేకు అడుగుతుంది. ఈ మూల ఎందుకు గుండ్రంగా ఉంది, ఇక్కడ అతుకు ఎందుకు వచ్చింది, తలుపు అడుగున ఆ మడత దేనికి అన్న ప్రశ్నలకు జవాబు కట్టేవాడి వేళ్లకు తెలుస్తుంది. అసలు బండిని చేసినవాడికి ఎదురైన ఇబ్బందులే చిన్న కొలతలో ఇతనికీ ఎదురవుతాయి.

రేకు విద్య తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో బొమ్మలు లేపే పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుళ్లలో ఊరేగే గరుడ, హనుమంత వాహనాలకు చెక్కతో ఆకారం చేసి పైన లోహపు రేకు తొడుగుతారు. ఇంగ్లండులో మోర్గాన్ కంపెనీ కారుకు చెక్క చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగే పద్ధతీ మూలంలో ఇదే. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, ప్రతి ఊళ్లో ఉండే టింకరింగ్ షాపులో సొట్టను వెనకనుంచి తట్టి లేపేవాళ్లున్నారు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ అనే ఆయన తన కార్ల మ్యూజియంలో బూటు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే కార్లు కట్టి చూపించాడు. చేతులు ఉన్నాయి, రేకు ఉంది. నమూనాలు కట్టే కుర్రాళ్లకూ ఈ పనివాళ్లకూ పరిచయం లేకపోవడమే లోటు.

దాన్ని తీర్చడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఐటీఐల్లో షీట్ మెటల్ వర్కర్ అని ఏడాది ట్రేడు ఉంది. గరాటు, ట్రే, పనిముట్ల పెట్టె చేయించి పంపే బదులు చివరి జాబ్‌గా ఒక 16వ వంతు జీపు కట్టించవచ్చు. కొలత గీయడం, కోయడం, మడవడం, రివెట్టు, టంకం అన్నీ ఆ ఒక్క బండిలో వస్తాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. త్రీడీ ప్రింటర్ పక్కన ఒక వైస్, రెండు రేకు కత్తెరలు, ఒక షిమ్ చుట్ట పెట్టడం ఆ డబ్బులో లెక్కలోకి రాదు.

పోటీలు కూడా కావాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ 1930 నుంచి 1968 దాకా ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరుతో కుర్రాళ్లకు వాహన నమూనాల పోటీ నడిపింది. తొలి ఏళ్లలో నెపోలియన్ కాలపు గుర్రబ్బండిని చెక్క, లోహం, గుడ్డలతో చేత్తో కట్టాలి, గెలిచినవాళ్లకు కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పులు. 1947లో అందులో గెలిచిన చక్ జోర్డన్ 1986లో అదే కంపెనీ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు. మన బండ్ల కంపెనీలు, ఆటోనగర్ సంఘాలు తలుచుకుంటే జిల్లాకొక పోటీ పెట్టలేని పరిస్థితి లేదు.

ఆర్టీసీలు చేయగలిగింది అంతకంటే తేలిక. బస్సు బాడీలు కట్టిన యూనిట్ల దగ్గర వాటి డ్రాయింగులు ఉండే ఉంటాయి. వాడుకలోంచి పోయిన మోడళ్లవైనా స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టవచ్చు. కాలం చెల్లిన బస్సును వేలానికి పంపేముందు నమూనాలు కట్టేవాళ్లను లోపలికి రానిచ్చి, కొలతలు, ఫొటోలు తీసుకోనివ్వాలి. పక్క రేకు మీద రివెట్లు ఎంత దూరానికొకటి ఉన్నాయో, టాపు అంచు ఎలా మడిచారో, ఎమర్జెన్సీ తలుపు కీలు ఎక్కడుందో బస్సు స్క్రాపుకు వెళ్లాక ఎవరూ చెప్పలేరు.